పీఎల్‌సీ నుంచి డేటా చదవనివ్వాలి, రాయనివ్వకూడదు: ఎలా చేయాలి

పీఎల్‌సీ (ప్లాంటులో మెషిన్లని నడిపే కంట్రోలర్) ఉన్నవాళ్ళు ఈ ప్రశ్న నన్ను మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటారు. మాటలు మారతాయి గానీ విషయం ఒకటే: "అన్నా, మా యుటిలిటీస్‌లో ఎస్7-1200 పీఎల్‌సీ ఉంది. చిల్లర్ టెంపరేచర్లు, కరెంటు యూనిట్లు మేనేజ్‌మెంట్‌కి ఫోన్‌లో కనిపించాలట. వెండర్ ఒక గేట్‌వే డబ్బా తెచ్చి పుట్/గెట్ టిక్ పెట్టమంటున్నాడు. చదవడం తప్ప ఇంకేమీ చేయడట. పెట్టొచ్చా?"

చదవడం తప్ప ఇంకేమీ చేయడన్నది నిజమే అయ్యుండొచ్చు. కానీ పుట్/గెట్ అంటే బయటి పరికరం పీఎల్‌సీ మెమరీని నేరుగా చదివి, రాసే దారి. ఆ టిక్ అతని డబ్బాకి మాత్రమే తలుపు తీయదు. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి లాప్‌టాప్‌కీ, రేపు ఆ డబ్బాలోకి ఎవరైనా దూరితే వాళ్ళకీ తీస్తుంది. గేట్‌వే సాఫ్ట్‌వేర్‌లో "రీడ్ ఓన్లీ" అని కనిపించే ఆప్షన్ అంటే "నేను రాయనులెండి" అని డబ్బా ఇచ్చే మాట, అంతే. మనకు కావాల్సింది "నువ్వు రాసినా నేను తీసుకోను" అని కంట్రోలర్ చెప్పడం. అది నిజంగానే తీసుకోవడం లేదని మీరు రాసి చూసి మరీ తేల్చుకోవాలి.

కింద చెప్పేదంతా ఎక్కువగా సీమెన్స్ ఎస్7-1200, 1500 గురించీ, మోడ్‌బస్ టీసీపీ అనే ప్రోటోకాల్ గురించీ. అలెన్-బ్రాడ్లీ పీఎల్‌సీలు వాడేవాళ్ళకి మధ్యలో కొంచెం ఉంది. సేఫ్టీ పీఎల్‌సీ జోలికి మాత్రం ఈ వ్యాసం చూసి వెళ్ళొద్దు, దానికి మీ ప్లాంటులో వేరే పద్ధతీ వేరే మనుషులూ ఉంటారు.

కావలసినవి

- నడుస్తున్న ప్రోగ్రామ్‌తో సరిపోలే ప్రాజెక్ట్ ఫైల్. ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ కంపేర్ చేస్తే అన్నీ పచ్చగా ఉండాలి. లేకపోతే ముందు ఆ పని చూసుకోండి.
- షట్‌డౌన్ టైమ్. పుట్/గెట్, ప్రొటెక్షన్ లెవెల్ లాంటివి హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్ కిందికి వస్తాయి, వాటిని డౌన్‌లోడ్ చేస్తే సీపీయూ స్టాప్‌లోకి వెళ్తుంది. "ఐదు నిమిషాల పనే" అని షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి చెప్పకండి. పర్మిట్ తీసుకోండి.
- మేనేజ్డ్ స్విచ్, పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్ట్ ట్రాఫిక్‌ని ఇంకో పోర్ట్‌కి కాపీ చేయడం) ఉన్నది.
- వైర్‌షార్క్ (నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపించేది), మోడ్‌బస్ టెస్ట్ టూల్ ఒకటి, ఓపీసీ యూఏ (లాగిన్ పెట్టి డేటా ఇవ్వగల ప్రోటోకాల్) వాడేట్టయితే దాని టెస్ట్ క్లయింట్ యూఏఎక్స్‌పర్ట్, ఎస్7 ప్రోటోకాల్ కోసం స్నాప్7 లైబ్రరీతో నడిచే చిన్న క్లయింట్ ఒకటి. అన్నీ ఉచితంగా దొరుకుతాయి.
- ఫైర్‌వాల్. మామూలుది చాలా, లోపలి ప్యాకెట్ చదివేది కావాలా అన్నది 7వ స్టెప్‌లో తేలుతుంది.
- వీలైతే టేబుల్ మీద ఒక స్పేర్ సీపీయూ. ఇది ఉంటే సగం టెన్షన్ పోతుంది.

1. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో రాసుకోండి

స్విచ్‌లో పీఎల్‌సీ పోర్ట్‌ని మిర్రర్ చేసి వైర్‌షార్క్ పెట్టి వదిలేయండి. ఒక్క షిఫ్ట్ సరిపోదు. బ్యాచ్ మారేటప్పుడు, నెలాఖరు రిపోర్ట్ తీసేటప్పుడు మాత్రమే మాట్లాడే సిస్టమ్‌లు ఉంటాయి. నేనైతే వారం ఉంచుతాను.

చూడాల్సింది పోర్ట్ నంబర్లు. 102 అంటే సీమెన్స్ ఎస్7, 502 అంటే మోడ్‌బస్, 4840 అంటే ఓపీసీ యూఏ, 44818 అంటే ఈథర్‌నెట్/ఐపీ. ప్రతి ఐపీ పక్కన అది చదువుతోందా, రాస్తోందా, రెండూనా అని రాయండి. మోడ్‌బస్‌లో ఫంక్షన్ కోడ్ (ఏ పని చేయాలో చెప్పే నంబర్) చూస్తే ఇది తెలిసిపోతుంది. పాత ఎస్7 ప్రోటోకాల్‌లో రీడ్ వేరియబుల్ 4, రైట్ వేరియబుల్ 5.

ఎప్పుడో మర్చిపోయిన పాత డేటా లాగర్ ఒకటి ఇంకా రాస్తూనే ఉండటం ఈ పనిలో దాదాపు మామూలే. దాన్ని ఇప్పుడే పట్టుకోకపోతే లాక్ వేసిన రాత్రి ఫోన్ మీకే వస్తుంది.

2. బ్యాకప్, స్నాప్‌షాట్

ప్రాజెక్ట్ ఆర్కైవ్ చేయడం అందరూ చేస్తారు. డీబీల్లో (పీఎల్‌సీ విలువలు దాచుకునే డేటా బ్లాకుల్లో) ఇప్పుడున్న విలువల స్నాప్‌షాట్ మాత్రం చాలామంది తీయరు. డీబీ నిర్మాణం మార్చినా, ఆప్టిమైజ్డ్ యాక్సెస్ అనే టిక్ మార్చినా, ఆ డీబీ డౌన్‌లోడ్ అయ్యాక విలువలన్నీ స్టార్ట్ వాల్యూకి పోతాయి.

నేను ఒకసారి ఇలాగే దెబ్బతిన్నాను. కూలింగ్ టవర్ ఫ్యాన్ల ఆన్/ఆఫ్ సెట్‌పాయింట్లు ఆపరేటర్లు ఏళ్ళ తరబడి హెచ్‌ఎమ్‌ఐలో (ఆపరేటర్ స్క్రీన్‌లో) సర్దుకుంటూ వచ్చినవి, ఒక్క డౌన్‌లోడ్‌తో సున్నా అయిపోయాయి. ఫ్యాన్లు అన్నీ ఆగకుండా తిరుగుతుంటే "ఈరోజు నీళ్ళు భలే చల్లగా ఉన్నాయి సార్" అని ఆపరేటర్ చెప్పేదాకా నాకు తెలియలేదు. అప్పటినుంచీ డీబీ తెరిచి స్నాప్‌షాట్ తీసి, దాన్ని స్టార్ట్ వాల్యూల్లోకి కాపీ చేశాకే డౌన్‌లోడ్ బటన్ దగ్గరికి వెళ్తున్నాను. సెట్‌పాయింట్ స్క్రీన్లకి ఫోన్‌తో ఫోటోలు కూడా తీస్తాను.

3. అద్దం డీబీ పెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

బయటివాళ్ళకి చూపించాల్సిన విలువల కోసం విడిగా ఒక కొత్త డీబీ చేయండి. ప్రతి స్కాన్‌లో (ప్రోగ్రామ్ ఒక చుట్టు తిరిగే ప్రతిసారీ) అసలు ట్యాగ్‌ల (పేరు పెట్టిన విలువల) నుంచి దీంట్లోకి కాపీ చేసే చిన్న ఎఫ్‌సీ (ఫంక్షన్) రాయండి. కాపీ ఒకవైపే జరగాలి. ప్రోగ్రామ్‌లో ఎక్కడా ఈ డీబీ నుంచి ఏదీ చదవకూడదు, అద్దంలో బొమ్మకి బొట్టు పెడితే మనిషికి అంటుకోనట్టు అన్నమాట. ఎవరైనా దీంట్లో ఏదైనా రాసినా తర్వాతి స్కాన్‌లో చెరిగిపోతుంది, చెరిగేలోపు కూడా ప్రాసెస్ దాన్ని చూడదు.

ఒకవైపేనని ఖాయం చేసుకోవడానికి క్రాస్ రిఫరెన్స్ (ఏ ట్యాగ్ ఎక్కడ వాడారో చూపే పట్టిక) తెరవండి. ఆ డీబీలోని ప్రతి ట్యాగ్‌కీ రైట్ మాత్రమే కనిపించాలి. ఎక్కడైనా రీడ్ అని ఉంటే ఎవరో తొందరలో ఇంటర్‌లాక్‌కి (షరతు కుదిరితేనే మెషిన్ని నడవనిచ్చే లాజిక్‌కి) దాన్నే వాడేశారని అర్థం. 6వ స్టెప్‌లో వచ్చే మోడ్‌బస్ సర్వర్ బ్లాక్‌కి ఇచ్చిన పాయింటర్ ఒక్కటి మినహాయింపు.

సెట్‌పాయింట్లు కూడా చూపించాలంటే వాటి కాపీ పెట్టండి, అసలువి వద్దు. ఒక లైఫ్ కౌంటర్ కూడా పెట్టండి, సెకనుకు ఒకటి చొప్పున పెరిగేది. డ్యాష్‌బోర్డ్‌లో విలువ ఆగిపోయిందా, నిజంగానే మారడం లేదా అన్నది దాంతో తెలుస్తుంది.

4. పుట్/గెట్ తీసేయండి

సీపీయూ ప్రాపర్టీస్‌లో ప్రొటెక్షన్ అండ్ సెక్యూరిటీ కింద కనెక్షన్ మెకానిజమ్స్ అని ఉంటుంది, పుట్/గెట్‌కి అనుమతి ఇచ్చే టిక్ అక్కడే. 1500లోనూ, ఫర్మ్‌వేర్ 4 నుంచి 1200లోనూ అది మొదట ఖాళీగానే వస్తుంది. ఎవరో పెడితేనే ఉంటుంది.

దీంట్లో చదవడానికి వేరు, రాయడానికి వేరు అని లేదు. పెడితే రెండూ. ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు, ఎమ్ మెమరీ (ప్రోగ్రామ్ లోపల వాడుకునే బిట్లు), ఆప్టిమైజ్డ్ కాని (స్థిరమైన అడ్రస్ ఉండే) డీబీలు అన్నీ అడ్రస్ తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే అందుతాయి. "మా డీబీలన్నీ ఆప్టిమైజ్డ్ కదా, ఏం భయం?" అంటారు కొందరు. డీబీలు సరే, ఎమ్ బిట్లూ క్యూ (అవుట్‌పుట్) బిట్లూ ఎక్కడికి పోతాయి?

ఇంకో పీఎల్‌సీతో పుట్/గెట్ మీదే మాట్లాడుతున్న పాత లైన్లు ఉంటే దీన్ని ఒక్క రోజులో తీయలేరు. అప్పుడు ఆ రెండు పీఎల్‌సీలకీ బయటి గేట్‌వేకీ మధ్య ఫైర్‌వాల్ పెట్టి, గేట్‌వే వైపు నుంచి 102 పూర్తిగా మూసేయండి. గేట్‌వేకి వేరే దారి ఇద్దాం. ఆ దారులు రెండు: ఓపీసీ యూఏ, మోడ్‌బస్.

5. మొదటి దారి: ఓపీసీ యూఏ

వీలుంటే ఇదే వాడండి. 1500లో ఫర్మ్‌వేర్ 2.0 నుంచి, 1200లో ఫర్మ్‌వేర్ 4.4 నుంచి సర్వర్ సీపీయూలోనే ఉంది. రన్‌టైమ్ లైసెన్స్ కొనాలి, అది మర్చిపోయి కమిషనింగ్ రోజు వెతుక్కోకండి.

అద్దం డీబీ తెరిస్తే ప్రతి ట్యాగ్ పక్కన హెచ్‌ఎమ్‌ఐ/ఓపీసీ యూఏ నుంచి యాక్సెసబుల్, రైటబుల్ అని రెండు టిక్‌లు ఉంటాయి. యాక్సెసబుల్ ఉంచి రైటబుల్ తీసేయండి. ఇక్కడే చాలామంది తికమకపడతారు, ఎందుకంటే ఈ టిక్ హెచ్‌ఎమ్‌ఐకీ ఓపీసీ యూఏకీ ఉమ్మడి. అసలు సెట్‌పాయింట్ ట్యాగ్ మీద తీసేస్తే ఆపరేటర్ కూడా మార్చలేడు. అద్దం డీబీ ఉంటే ఈ గొడవే లేదు.

1500లో సర్వర్ ఆన్ చేసినప్పుడు స్టాండర్డ్ సిమాటిక్ సర్వర్ ఇంటర్‌ఫేస్ అనే ఆప్షన్ చూడండి. అది ఆన్‌లో ఉంటే యాక్సెసబుల్ టిక్ ఉన్న ప్రతి డీబీ బయటికి కనిపిస్తుంది, రైటబుల్ టిక్ కూడా ఉంటే రాయనిస్తుంది. మీరు కష్టపడి కట్టిన అద్దం డీబీ పక్కనే అసలు సెట్‌పాయింట్లు కూడా తెరిచి ఉన్నట్టు. దాన్ని ఆపేసి, మీ సొంత సర్వర్ ఇంటర్‌ఫేస్ చేసి, అందులో అద్దం డీబీ ఒక్కటే పెట్టండి. 1200లో ఎలాగూ సొంతది చేయాల్సిందే.

గెస్ట్ లాగిన్ ఆపండి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి, సెక్యూరిటీ పాలసీల్లో "నన్" (ఏ రక్షణా లేనిది) తీసేయండి. వెండర్ "సర్టిఫికెట్ గొడవ సార్, నన్ పెడితే వెంటనే వస్తుంది" అంటాడు. రానివ్వకండి, గంట ఆలస్యమైతే అవ్వనీయండి.

6. రెండో దారి: మోడ్‌బస్

మోడ్‌బస్ 1979 నాటిది. పాస్‌వర్డ్ అనే ఊహే లేదు అందులో. అడిగినవాడికి చెప్తుంది, రాసినవాడి మాట వింటుంది. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలో 600కు పైగా అపార్ట్‌మెంట్ భవనాలకి దాదాపు రెండు రోజులు హీటింగ్ ఆగిపోయింది. తర్వాత ఫ్రాస్టీగూప్ అని పేరు పెట్టిన ఆ మాల్‌వేర్ చేసింది 502 పోర్ట్ మీద కంట్రోలర్లకి మామూలు మోడ్‌బస్ కమాండ్‌లు పంపడమే, ప్రోటోకాల్‌ని పగలగొట్టాల్సిన పనే పడలేదు.

ఎస్7-1200లో ఎమ్‌బీ సర్వర్ బ్లాక్ (మోడ్‌బస్ రిక్వెస్ట్‌లకి జవాబిచ్చేది) పెట్టేవాళ్ళు హోల్డింగ్ రిజిస్టర్ (మోడ్‌బస్‌లో సంఖ్యలు ఉండే చోటు) పాయింటర్ ఒక్కటే చూసుకుంటారు. దానికి అద్దం డీబీ ఇచ్చి "సేఫ్" అనుకుంటారు. కానీ అదే బ్లాక్ కాయిల్స్, అంటే బిట్లు, రాసే ఫంక్షన్ కోడ్ 5, 15 వస్తే నేరుగా క్యూ అవుట్‌పుట్ల మీద రాస్తుంది, మీ డీబీతో సంబంధమే లేదు.

దీన్ని నేను ఒక ప్యానెల్ బిల్డర్ షెడ్‌లో చూశాను. ప్యానెల్ ఇంకా ప్లాంటుకి వెళ్ళలేదు, గేట్‌వే కుర్రాడు తన స్క్రీన్ మీద రీడ్ ఓన్లీ అని రాసి ఉన్నది చూపిస్తున్నాడు. నేను అదే స్విచ్‌కి నా లాప్‌టాప్ పెట్టి మోడ్‌బస్ టూల్‌లో కాయిల్ 1కి 1 రాశాను. సీపీయూ మీద క్యూ0.0 దగ్గర పచ్చ లైటు వెలిగింది, ప్యానెల్ లోపల కాంటాక్టర్ టక్‌మంది. ఆ అవుట్‌పుట్‌ని ప్రోగ్రామ్ సెట్, రీసెట్‌లతో నడుపుతోంది కాబట్టి నేను రాసిన 1 అలాగే నిలబడిపోయింది. కుర్రాడు నా లాప్‌టాప్ వంకా, తన స్క్రీన్ వంకా రెండుసార్లు చూశాడు.

ప్రోగ్రామ్‌లోనే మామూలు కాయిల్‌తో ప్రతి స్కాన్‌లో రాసే అవుట్‌పుట్ అయితే మనం పంపిన 1 చాలాసార్లు వెంటనే చెరిగిపోతుంది, అందుకే కొందరు టెస్ట్ చేసి కూడా "మా దగ్గర ఏమీ కాలేదే" అంటారు. ఏమీ కానట్టు కాదు, ఆ బిట్ మీద అదృష్టం బాగుంది.

చేయాల్సింది:

- ఎమ్‌బీ సర్వర్ ఇన్‌స్టాన్స్ డీబీలో క్యూబీ స్టార్ట్, క్యూబీ కౌంట్ అని స్టాటిక్ వేరియబుల్స్ ఉంటాయి, బ్లాక్ కొత్త వెర్షన్లలో. క్యూబీ కౌంట్‌ని సున్నా చేయండి, అప్పుడు బయటినుంచి ఏ అవుట్‌పుట్ బైట్ మీదా రాయడం కుదరదు. మీ బ్లాక్‌లో ఈ పేర్లు లేకపోతే వెర్షన్ పాతది, ముందు దాన్ని మార్చండి.
- హోల్డింగ్ రిజిస్టర్ పాయింటర్‌కి అద్దం డీబీ మాత్రమే. ఎమ్ మెమరీ ఇవ్వకండి.
- కనెక్షన్ పారామీటర్‌లో ఎదుటివాడి ఐపీ ఖాళీగా వదలకుండా గేట్‌వే ఐపీ రాయండి. ఐపీని దొంగతనంగా పెట్టుకోవచ్చు, నిజమే, అయినా పొరపాటున వచ్చేవాళ్ళని ఇది ఆపుతుంది.

ఎనర్జీ మీటర్లు, డ్రైవ్‌ల సంగతి వేరు. వాటి లోపల మనం ప్రోగ్రామ్ రాయలేం. డ్రైవ్‌లో కమ్యూనికేషన్ నుంచి రన్ కమాండ్ తీసుకునే పారామీటర్ ఆపేసి టెర్మినల్ నుంచి మాత్రమే పెట్టుకోండి, స్పీడ్ రిఫరెన్స్ సోర్స్ కూడా. మీటర్‌లో సీటీ రేషియో (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి) మార్చడానికి పాస్‌వర్డ్ ఉందేమో మాన్యువల్‌లో చూడండి. అదీ లేకపోతే మీకు మిగిలిన దారి 7వ స్టెప్పే.

7. ఫైర్‌వాల్

"502 పోర్ట్‌కి రూల్ పెట్టాం సార్, గేట్‌వే ఒక్కటే వస్తుంది" అంటారు. మంచిదే, కానీ చదవడం రాయడం రెండూ అదే పోర్ట్ మీద, అదే కనెక్షన్‌లో వెళ్తాయి. మామూలు ఫైర్‌వాల్‌కి తేడా తెలియదు, ఉత్తరం కవర్ మీద అడ్రస్ చూస్తుంది గానీ లోపల ఏం రాశారో చూడదు.

కాబట్టి రెండు సందర్భాలు. గేట్‌వే ఓపీసీ యూఏతో చదువుతుంటే మామూలు ఫైర్‌వాల్ చాలు: గేట్‌వే ఐపీ నుంచి పీఎల్‌సీ ఐపీ 4840కి అనుమతి, మిగతా అన్నీ బంద్, ముఖ్యంగా 102. రాయడాన్ని సీపీయూనే ఆపుతోంది కదా.

మోడ్‌బస్ అయితే, అందులోనూ ఎదుట ఉన్నది మీటరో డ్రైవో అయితే, ప్యాకెట్ లోపల చూసే పారిశ్రామిక ఫైర్‌వాల్ కావాలి. టోఫీనో, మోక్సా ఈడీఆర్ శ్రేణి లాంటివాటిలో మోడ్‌బస్ ఫంక్షన్ కోడ్ల వారీగా రూల్ పెట్టొచ్చు. రూల్ ఎలా పెట్టాలంటే చదివే కోడ్లు 1, 2, 3, 4 మాత్రమే అనుమతించి మిగతా ఏ కోడ్ వచ్చినా ఆపేయాలి. తలకిందులుగా పెట్టకండి, అంటే "5, 6, 15, 16 ఆపు, మిగతావి వదులు" అని. అలా పెడితే 22 జారిపోతుంది, అది రిజిస్టర్‌లో కొన్ని బిట్లు మారుస్తుంది. 23 జారిపోతుంది, అది ఒకే దెబ్బకి చదివి రాస్తుంది. ష్నైడర్ ఎమ్340, ఎమ్580 లాంటివాటికైతే అసలు ప్రోగ్రామింగే 502 మీద ఫంక్షన్ కోడ్ 90తో నడుస్తుంది. రిజిస్టర్‌కి తాళం వేసి ప్రోగ్రామ్‌ని బయట వదిలేసినట్టవుతుంది.

ఖర్చు ఎక్కువ అంటారా? చౌక దారి ఒకటుంది. రెండు నెట్‌వర్క్ కార్డులున్న చిన్న ఇండస్ట్రియల్ పీసీ పెట్టండి. ఒక కార్డు మీటర్ల వైపు, ఇంకోటి గేట్‌వే వైపు. ఐపీ ఫార్వర్డింగ్ ఆఫ్. అందులో ఒక చిన్న ప్రోగ్రామ్ మీటర్లని చదివి, తన దగ్గర కాపీ పెట్టుకుని, అడిగినవాళ్ళకి ఆ కాపీ ఇస్తుంది. మళ్ళీ అద్దమే, ఈసారి పీఎల్‌సీ బయట.

లైనక్స్ బాక్స్‌లో ఐపీటేబుల్స్‌తో ప్యాకెట్‌లో ఎనిమిదో బైట్ చూసి ఆపొచ్చు కదా అని తెలివైనవాళ్ళు అడుగుతారు. మోడ్‌బస్ టీసీపీలో మొదటి 7 బైట్లు హెడర్, ఎనిమిదోది ఫంక్షన్ కోడ్, లెక్క కరెక్టే. కానీ ఒకే టీసీపీ ప్యాకెట్‌లో రెండు రిక్వెస్ట్‌లు వరసగా పెట్టి పంపొచ్చు. మీ రూల్ మొదటిది చదవడమే అని చూసి వదిలేస్తుంది, వెనకాల రాయడం కూడా లోపలికి పోతుంది. సరదాకి చేయండి, దాన్ని నమ్ముకోకండి.

8. సీపీయూ పాస్‌వర్డ్, తాళంచెవి, వెబ్ పేజీ

1200, 1500లో ప్రొటెక్షన్ లెవెల్స్ నాలుగు: ఫుల్ యాక్సెస్, రీడ్ యాక్సెస్, హెచ్‌ఎమ్‌ఐ యాక్సెస్, నో యాక్సెస్. ఇక్కడ రీడ్ యాక్సెస్ అన్న పేరు చూసి మోసపోని వాళ్ళని నేను తక్కువమందిని చూశాను. అది ప్రోగ్రామ్‌కి సంబంధించిన రీడ్. పాస్‌వర్డ్ లేకుండా బ్లాకులు చూడొచ్చు, డౌన్‌లోడ్ చేయలేరు. హెచ్‌ఎమ్‌ఐ దారిలో ట్యాగ్‌ల మీద రాయడం మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది. నేనైతే హెచ్‌ఎమ్‌ఐ యాక్సెస్ పెట్టి ఫుల్ యాక్సెస్‌కి గట్టి పాస్‌వర్డ్ పెడతాను. టియా పోర్టల్ (సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) వి19, 1500 ఫర్మ్‌వేర్ 3.1 నుంచి ఇదంతా యూజర్లు, రోల్స్ పద్ధతిలోకి మారింది, స్క్రీన్లు వేరుగా కనిపిస్తాయి, తడబడకండి.

ఆ పాస్‌వర్డ్ ప్యానెల్ తలుపు లోపల స్టిక్కర్ మీద రాసి పెట్టకండి. నవ్వకండి, చాలా ప్యానెళ్ళలో ఉంటుంది.

వెబ్ సర్వర్ వాడకపోతే ఆపేయండి. వాడితే "ఎవ్రీబడీ" అనే యూజర్‌కి ట్యాగ్‌లు రాసే హక్కు ఎవరైనా ఇచ్చారేమో చూడండి.

అలెన్-బ్రాడ్లీ కంట్రోల్‌లాజిక్స్, కాంపాక్ట్‌లాజిక్స్ వాళ్ళకి పని తేలిక. వెర్షన్ 18 నుంచి ప్రతి ట్యాగ్‌కీ ఎక్స్‌టర్నల్ యాక్సెస్ అని ఉంది: రీడ్/రైట్, రీడ్ ఓన్లీ, నన్. అద్దం ట్యాగ్‌లకి రీడ్ ఓన్లీ, హెచ్‌ఎమ్‌ఐ రాయాల్సినవాటికి రీడ్/రైట్, మిగతా అన్నిటికీ నన్. కంట్రోలర్ మోడ్ స్విచ్ తాళంచెవిని రన్‌లో పెట్టి బయటికి తీసి జాగ్రత్త చేయండి. రన్‌లో ఉంటే ప్రోగ్రామ్ మార్చలేరు, కానీ ట్యాగ్ విలువలు రాయడం ఆగదు, ఆ రెండూ ఒకటి కాదు. తాళంచెవిని తేలిగ్గా తీసుకోకండి. 2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటు సేఫ్టీ కంట్రోలర్లలోకి ట్రైటన్ అనే మాల్‌వేర్ ఎక్కగలిగింది, ఆ కంట్రోలర్ల తాళంచెవి ప్రోగ్రామ్ స్థానంలో వదిలేసి ఉంది కాబట్టి.

9. రాసి చూడండి

ఇది స్పేర్ సీపీయూ మీద ముందు, తర్వాత షట్‌డౌన్‌లో అసలు దాని మీద. నడుస్తున్న ప్లాంటులో అవుట్‌పుట్ బిట్ మీద "చూద్దాం" అని రాయకండి. ఫీల్డ్ సప్లై ఆపించి, స్పేర్ అడ్రస్‌లు ఎంచుకుని, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ పక్కన ఉండగా చేయండి.

లాప్‌టాప్‌ని గేట్‌వే ఉండే చోటే, గేట్‌వే ఐపీతోనే పెట్టండి, గేట్‌వే కేబుల్ తీసి. ఫైర్‌వాల్‌కి అవతల ఇంజినీరింగ్ స్టేషన్ పక్కన కూర్చుని టెస్ట్ చేస్తే ఏం తేలుతుంది?

మోడ్‌బస్: 5, 6, 15, 16, 22, 23 ఒక్కొక్కటీ పంపండి. ఫైర్‌వాల్ ఆపితే టైమ్ అవుట్ గానీ, కనెక్షన్ తెగడం గానీ, ఎక్సెప్షన్ 01 గానీ వస్తుంది. ఫైర్‌వాల్ లేకుండా అద్దం డీబీ ఒక్కటే ఉంటే రిజిస్టర్ రాసే 6, 16కి టూల్ "సక్సెస్" అంటుంది, కంగారు పడకండి. వెంటనే తిరిగి చదవండి, పాత విలువే ఉండాలి. అందుకే ఇప్పుడున్న విలువకి దూరంగా ఉన్నది రాయాలి. 72 ఉన్నచోట 72 రాసి "మారలేదు" అని సంతకం పెట్టిన టెస్ట్ రిపోర్ట్ నేను చూశాను.

ఎస్7: స్నాప్7 క్లయింట్‌తో స్పేర్ ఎమ్ బైట్ చదవడానికి, రాయడానికి ప్రయత్నించండి. పుట్/గెట్ నిజంగా పోతే చదవడం కూడా రాకూడదు. చదవడం వస్తోందంటే టిక్ ఇంకా ఉంది, లేదా మీరు హార్డ్‌వేర్ డౌన్‌లోడ్ చేయకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే చేశారు. ఈ రెండోదే ఎక్కువ.

ఓపీసీ యూఏ: యూఏఎక్స్‌పర్ట్‌లో అద్దం ట్యాగ్ మీద రాయండి, బ్యాడ్ నాట్ రైటబుల్ లాంటి జవాబు రావాలి. ఎడమవైపు చెట్టు మొత్తం తెరిచి అద్దం డీబీ తప్ప వేరే డీబీ ఏదైనా కనిపిస్తోందా చూడండి. యూజర్ నేమ్ లేకుండా కనెక్ట్ అవ్వడానికీ ప్రయత్నించండి.

తర్వాత సీపీయూ పవర్ ఆఫ్ చేసి ఆన్ చేసి మళ్ళీ ఇవే. ఎమ్‌బీ సర్వర్ క్యూబీ కౌంట్‌ని ఆన్‌లైన్‌లో మానిటర్ విలువ మార్చి వదిలేసినవాళ్ళకి ఇక్కడ తెలుస్తుంది, రీస్టార్ట్‌కి అది వెనక్కి పోతుంది. స్టార్ట్ వాల్యూలోనే సున్నా ఉండాలి, లేదా ప్రోగ్రామ్‌లోనే మూవ్ చేయాలి.

చివరగా గేట్‌వే కేబుల్ పెట్టి, లైఫ్ కౌంటర్ ఒక రోజంతా ఆగకుండా పెరుగుతోందా, హెచ్‌ఎమ్‌ఐ నుంచి ఆపరేటర్ సెట్‌పాయింట్ మార్చగలుగుతున్నాడా చూడండి. రెండోది మర్చిపోతే రాత్రి రెండింటికి గుర్తుచేస్తారు.

మళ్ళీ మళ్ళీ చూసే పొరపాట్లు

1200 శ్రేణిలోని 1215సీ సీపీయూలో రెండు ఈథర్‌నెట్ పోర్టులు ఉన్నాయి కదా అని ఒకటి ప్లాంటుకీ ఒకటి ఆఫీసుకీ పెట్టడం. అవి లోపల ఒకే స్విచ్, వేరు నెట్‌వర్కులు కావు.

కెప్‌వేర్ లాంటి, పీసీలో నడిచే ఓపీసీ సర్వర్‌లో ట్యాగ్‌కి క్లయింట్ యాక్సెస్ రీడ్ ఓన్లీ పెట్టి పని అయిపోయిందనుకోవడం. పెట్టండి, మంచి అలవాటే, కానీ ఆ పీసీలో అడ్మిన్‌గా కూర్చున్నవాడు రెండు క్లిక్‌లలో తీసేస్తాడు.

గేట్‌వేకి రిమోట్ సపోర్ట్ కోసం సిమ్ కార్డ్ ఉందన్న సంగతి ఎవరూ అడగకపోవడం. డబ్బా మూత తీసి చూడండి.

చదవడమే కదా అని 100 మిల్లీసెకన్లకోసారి వందల ట్యాగ్‌లు అడగనివ్వడం. చదవడం వల్ల కూడా హెచ్‌ఎమ్‌ఐ నత్తనడక నడుస్తుంది. డ్యాష్‌బోర్డ్‌కి ఐదు సెకన్లకోసారి చాలు, చిల్లర్ టెంపరేచర్ అంతకంటే తొందరగా మారి ఎక్కడికీ పోదు.

ఇక ఇదంతా అయ్యాక వెండర్ వచ్చి "సార్, అలారం రీసెట్ ఒక్కటి మాత్రం ఫోన్ నుంచి కావాలట" అంటాడు. ఇవ్వక తప్పదంటే అద్దం డీబీకి రైట్ తెరవకండి. విడిగా ఒకే ఒక్క కమాండ్ వర్డ్ పెట్టండి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క అడ్రస్‌కే అనుమతి, పీఎల్‌సీలో ఆ వర్డ్‌కి ఒకే ఒక్క విలువ చెల్లుతుంది, అందుకోగానే ప్రోగ్రామ్ దాన్ని సున్నా చేస్తుంది, అదీ ప్యానెల్ మీద రిమోట్ సెలెక్టర్ స్విచ్ ఆన్‌లో ఉంటేనే. ఆ స్విచ్ తాళంచెవి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ దగ్గర ఉంటుందని చెప్పి చూడండి, సగం సార్లు ఆ రిక్వెస్ట్ అక్కడితోనే ఆగిపోతుంది.